ఎవరి కళ్ళూ పడని అన్నం

మా అక్క బాగా తినే మనిషి. ఎకసెక్కానికి అనడం లేదు, ఇష్టంగానే అంటున్నాను. పొద్దున్నే సద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ ఆమె తింటుంటే అప్పుడే ముఖం కడుక్కుని వచ్చిన నాకూ ఆకలి పుట్టేది. మనిషి కూడా అందుకు తగ్గట్టే నిండుగా, భారీగా ఉండేది. రిక్షా ఎక్కితే పక్కన నాకు చోటు చాలేది కాదు. "నువ్వు నడువు, నేను కూసుంట. ఇద్దర్ల ఒక్కలన్న సుఖపడాలె" అని నవ్వేది. "మా కోడలు తిరుగుతుంటే ఇల్లు నిండినట్టుంటది" అని వాళ్ళ అత్త వాడకట్టంతా చెప్పుకునేది. కోడలి లావును చూసి మురిసిపోయే అత్తను ఆమె తర్వాత నేను ఇంకొకరిని చూడలేదు.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ తార్నాకలో అక్క ఇంట్లోనే ఉండేదాన్ని. ఇంట్లో మేం నలుగురం. అక్క, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే బావ, బావ తల్లి, నేను. బావ తల్లిని నేనూ అత్తమ్మ అనే పిలిచేదాన్ని. అక్కకు పిల్లలు కలగలేదు. ఆ మాట అత్తమ్మ నోట ఒక్కనాడూ రాలేదు. ఆమె గురించి ఇకముందు ఏం చెప్పినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నలుగురం అన్నానుగానీ ఇంట్లో నలుగురమే ఉన్న రోజు అరుదు. ఊరి నుంచి దవాఖానకు వచ్చేవాళ్ళకు, కోర్టుకు వచ్చేవాళ్ళకు, పిల్లలకు సీట్ల కోసం తిరిగేవాళ్ళకు అందరికీ మా ఇల్లే సత్రం. మల్కాజ్‌గిరి స్టేషన్‌లో రైలు దిగి ముల్లె నెత్తిన పెట్టుకుని నేరుగా వచ్చేసేవాళ్ళు. వాళ్ళు తిన్నాక బావ, బావ తిన్నాక అత్తమ్మ, నేను, మేమందరం తిన్నాక అక్క. ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదది. మా అమ్మ అట్లాగే తినేది, అత్తమ్మ కోడలుగా ఉన్నప్పుడు అట్లాగే తినేది. బావ ఆఫీసు నుంచి వచ్చేది ఒక్కోసారి మూడింటికి. అప్పటిదాకా అక్క ఆకలి చంపుకుని కూర్చునేది. కడుపులో మంట మొదలైతే గ్లాసు నీళ్ళలో తినే సోడా కలుపుకుని తాగేది. ఆ సోడాతోనే చాలా ఏళ్ళు గడిపింది.

ఒకనాడు పొయ్యి దగ్గరే నల్లగా నెత్తురు కక్కుకుని పడిపోయింది. పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాం. కడుపులో పుండు పడి పగిలిందన్నారు, ఆపరేషన్ చేశారు. బతుకుతుందో లేదో అని బావ వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాడు. బతికింది.

తెలివి వచ్చి కాస్త కోలుకున్నాక పెద్ద డాక్టరు మంచం దగ్గరికి వచ్చి, కడుపులో మూడు వంతుల్లో రెండు వంతులు తీసేశామని చెప్పాడు.

"తీసేసిండ్రా సారూ? తీసి ఏడ వెట్టిండ్రు?" అంది అక్క. ఆ స్థితిలో కూడా.

డాక్టరు నవ్వలేదు. "ఇగ నీ కడుపు చిన్నపిల్ల కడుపు లెక్క. అందరు రెండు పూటలు తినేది నువ్వు ఆరేడు సార్లు తినాలె. ఒక్కసారికి గుప్పెడే. మంచిగ నమలాలె. అన్నం నడుమ నీళ్ళు తాగద్దు. తీపి ముట్టద్దు. తిన్నంక జరసేపు ఒరగాలె. మా పని మేం చేసినం. ఇప్పటి సంది నీ తిండి నీ జిమ్మెదారి."

డాక్టరు వెళ్ళిపోయాక అక్క చాలాసేపు ఆ మాటే తలుచుకుని నవ్వుకుంది. "నా తిండి నా జిమ్మెదారి అంటడేందే? ఇన్నొద్దులు అందరి తిండి నా జిమ్మెదారే ఉండె. ఇది కొత్తది." నవ్వితే కుట్లు లాగి మళ్ళీ మూలిగింది.

ఇంటికొచ్చిన కొత్తలో అంతా సవ్యంగానే నడిచింది. అత్తమ్మే జావ కాచి, గుడ్డు ఉడకబెట్టి, పొద్దున్నించి కాస్త కాస్త పెట్టేది. ఒళ్ళు మాత్రం మంచులా కరిగిపోయింది. జాకెట్లన్నీ వదులైతే నేను కూర్చుని కుట్లు వేసి బిగించాను. పక్కింటావిడ చూసి "ఇప్పుడు మంచిగ సన్నగైనవ్, సినిమా ఆక్టర్ లెక్కున్నవ్" అంది. అక్క చిన్నబుచ్చుకుంది. తన ఒళ్ళంటే ఆమెకు ఇష్టం. ఎవరో అడక్కుండా ఎత్తుకుపోయిన వస్తువు కోసం వెతుక్కున్నట్టు అప్పుడప్పుడు తన ముంజేతులు తానే తడుముకునేది.

తర్వాత ఊరి నుంచి పలకరించడానికి చుట్టాలు వచ్చారు. ఆడవాళ్ళందరూ అక్క చుట్టూ చాప మీద కూర్చున్నారు. అది అక్క తినే వేళ. అత్తమ్మ చిన్న గిన్నెలో అన్నం, పప్పు కలిపి తెచ్చింది. అందరూ చూస్తుండగా అక్క తిన్నది. "గింతేనా? గిది పిట్ట తిండి. గిట్ల తింటే మనిషి ఎట్ల నిలుస్తది?" అని ఒకావిడ తాను తెచ్చిన తీపి గర్జెలు చేతిలో పెట్టింది. ఇంకొకావిడ "నా మీద ఒట్టు" అంది. అక్కకు తీపి అంటే ప్రాణం. ఒకటి తిన్నది, రెండోది తిన్నది, పైన షర్బత్ తాగింది.

కాసేపటికే ఆమెకు చెమటలు పట్టాయి. గుండె దడదడలాడింది, కళ్ళు తిరిగి పక్కకు ఒరిగిపోయింది. నేను డాక్టరు చెప్పింది గుర్తు చేసుకుని "తీపి తిన్నది, అందుకే" అంటూనే ఉన్నాను. నా మాట వినేదెవరు? అత్తమ్మ అప్పటికే పిడికిట్లో ఉప్పు, మిరపకాయలు పట్టుకొచ్చి అక్క చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. అంత మిరప మండినా ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి అంత గట్టిగా తగిలినట్టు లెక్క.

"సూసినవా? నరుడి కంటికి నల్లరాళ్ళైనా పగుల్తయ్. పొద్దున్నే అందరికన్న ముంగట తినవట్టె. వాళ్ళ కండ్లన్నీ దాని గిన్నెల్నే పడె" అంది అత్తమ్మ.

"అత్తమ్మా, డాక్టరు చెప్పిండు గదా, తీపి తింటే గిట్లనే అయితదని."

"డాక్టరుకు కడుపు తెలుసు బిడ్డ. కండ్లు తెలుస్తయా?"

కళ్ళ సంగతి నా ఎం.ఏ. చదువులో ఎక్కడా చెప్పలేదు. కోపం మాత్రం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఎందుకంటే అక్క కూడా అత్తమ్మ మాటే నమ్మింది. నమ్మడం ఆమెకు సుఖం కూడా. గర్జెల తప్పు లేకుండా పోయింది, ఒట్టు పెట్టినావిడ తప్పు లేకుండా పోయింది, తన నాలుక తప్పు అసలే లేకుండా పోయింది.

ఆనాటి నుంచి అక్క అన్నం దాక్కుంది. ఎవరి కళ్ళూ పడని చోట, వంటింట్లో తలుపు వెనక, గోడవైపు తిరిగి తినాలి. సత్రంలాంటి ఇంట్లో ఎవరూ లేని సమయం ఎప్పుడొస్తుంది? అందరూ తిని, చేతులు కడుక్కుని, నడుం వాల్చాకే. అట్లా అక్క తిరిగి తిరిగి పాత చోటికే చేరింది. అందరి తర్వాత, పొద్దుటి నుంచి మాడిన కడుపుతో, ఎవరైనా వస్తారేమోనని గబగబా మింగడం, గొంతుకు అడ్డం పడితే పైన చెంబెడు నీళ్ళు. మళ్ళీ చెమటలు, మళ్ళీ దడ, మళ్ళీ ఉప్పు, మిరపకాయలు. కళ్ళు తిరిగితే నీరసమని అత్తమ్మ చక్కెర నీళ్ళు పట్టేది. అత్తమ్మ చేతుల్లో ప్రేమ తప్ప ఇంకేం లేదు. అదే నాకు ఎక్కువ దుఃఖం.

దవాఖానకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. కాంపౌండరు అక్కను తూకం మీద నిలబెట్టి పెదవి విరిచాడు. డాక్టరు తల ఎత్తకుండా "తింటున్నవా అమ్మా?" అన్నాడు.

"తింటున్న సారూ."

మన దగ్గర ఆ ప్రశ్నకు వేరే జవాబు లేదు. గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టం "తిన్నవా బిడ్డ?" అంటే కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా "తిన్న" అనే అంటాం. లేదంటే అన్నం అడుక్కున్నట్టు. డాక్టరు మందు కోసం అడిగాడు, అక్క మర్యాద కోసం చెప్పింది. ఆయన ఆ మర్యాదనే నమ్మి కోపగించుకున్నాడు.

"మంచిగ తింటే గిట్లెందుకు తగ్గుతవ్? నీ పాణం మీద నీకే ఆశ లేకపోతే మేమేం చెయ్యాలె?"

నేను ఆపుకోలేక, దిష్టి తగులుతుందని ఆమె ఎవరి ముందూ తినడం లేదని చెప్పేశాను. ఆయన నవ్వి, చదువుకున్న ఇంట్లో ఇంకా ఈ మూఢనమ్మకాలేమిటని నాకు చిన్న ఉపన్యాసం ఇచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు. బయటికొచ్చాక అక్క నా చెయ్యి గిల్లి "ఇంటి ముచ్చట్లు డాక్టరుకెందుకు చెప్తవే" అంది.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. "మధ్యాహ్నం దాకా క్లాసులుంటయ్, ఆకలైతది. అక్క నాకు టిఫిన్ పట్టుకొని రావాలె" అని ఇంట్లో పేచీ పెట్టాను. గాలి మారితే మంచిదే కదా అని అత్తమ్మ ఒప్పుకుంది. పొద్దెక్కాక అక్క డబ్బా పట్టుకుని, తార్నాక నుంచి చెట్ల నీడన మెల్లగా నడిచి ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి వచ్చేది. పక్కవైపు రాతి మెట్ల మీద, నీడ పడే చోట కూర్చునేవాళ్ళం. చుట్టూ విద్యార్థులు బన్నులు తినేవాళ్ళు, పల్లికాయలు ఒలుచుకునేవాళ్ళు, పుస్తకాల్లో మునిగేవాళ్ళు. డబ్బా నాకని వచ్చేది, తినేది అక్క.

మొదటి రోజు అటూ ఇటూ చూసి "గీడ ఎవ్వలు ఎవ్వల దిక్కు సూడరేందే?" అంది.

"పరీక్షలున్నయ్ అక్కా. నీ గిన్నెల ఏమున్నదో వాళ్ళకేం గావాలె?"

ఆ మాటతో అక్క పైట సర్దుకుని హాయిగా తినడం మొదలుపెట్టింది. చిన్న ముద్ద, నిమ్మకాయ తొక్కు కాస్త నాకడం, ఒక ముచ్చట, మళ్ళీ ముద్ద. గుప్పెడన్నం తినడానికి నా క్లాసు అంత సేపు పట్టేది. తర్వాత గడ్డి మీద కాసేపు ఒరిగేది. నా రెండో క్లాసు అయ్యేసరికి డబ్బాలో మిగిలింది మళ్ళీ కాస్త తినేది. చెమటలు లేవు, దడ లేదు. కొన్నాళ్ళకు బుగ్గల్లో రంగు వచ్చింది, డబ్బా సంగతి అక్కే ఇంట్లో చెప్పేసింది. "తెల్వనోళ్ళ కండ్లు తగల్లె. నేను జెప్పలే?" అంది అత్తమ్మ. నా వాదం గెలవడం నాకు అక్కర్లేదు, అక్క తింటే చాలు.

ఆ మెట్ల మీదే ఒకరోజు అక్క అంది. "నీకెట్ల చెప్పాలెనే. గుప్పెడు తినంగనే కడుపు సాలంటది. మనసు సాలనదు. కడుపునిండ తిని, బ్రేవుమని, కొంగు నడుముకు చెక్కుకొని లేసుడు ఉంటది సూడు, గది మల్ల నా జన్మల రాదు గదా." ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

అట్లాగని అక్క అమాయకురాలేం కాదు. వచ్చే దారిలో బండి మీద బెల్లం పల్లిపట్టి కొనుక్కుని కొంగున కట్టుకునేది. ఒకసారి పట్టుకున్నాను. "నీ జిమ్మెదారి నీకు లేదా?" అని అరిచాను. ఆమె కూడా తిరగబడింది. "జిమ్మెదారి, జిమ్మెదారి. డాక్టరు గదే, నువ్వు గదే. తినే జిమ్మెదారి ఉన్నది గానీ, ఆకలైతున్నదని అనే నోరు ఎవ్వలిచ్చిండ్రు నాకు?" ఇద్దరం దారికి చెరో పక్కన తార్నాక దాకా నడిచాం. గుమ్మం దగ్గర పల్లిపట్టిలో సగం విరిచి నాకిచ్చింది.

ఆ తర్వాతి ఏడు తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. రాళ్ళు, లాఠీలు, కర్ఫ్యూ. యూనివర్సిటీ మూసేశారు. హాస్టళ్ళు ఖాళీ అయితే మా ఊరివైపు చదువుకునే పిల్లలు మా ఇంట్లో దిగారు. బస్సులు లేక చుట్టాలు ఇరుక్కుపోయారు. బావ ఆఫీసు లేక ఇంట్లోనే. ఎటు చూసినా మనుషులే, అందరికీ ఆకలే. వాళ్ళకు వండింది అక్క. నన్ను వంటకు రానిచ్చేది కాదు, "నువ్వు ఉప్పు ఎక్కువేస్తవ్" అని. ఆ మెట్లకు పోవడానికి దారి లేదు. అక్క తిండి మళ్ళీ తలుపు వెనక్కి, దినానికి ఒక్కసారికి వచ్చింది.

ఒక మధ్యాహ్నం నాకు తిక్క రేగింది. గిన్నెలో అన్నం పెట్టి, అక్క చెయ్యి పట్టి హాల్లోకి లాక్కొచ్చి అందరి నడుమ కూర్చోబెట్టాను. "మా అక్క తినాలె. కండ్లు తగుల్తయ్ అంటే మీరందరు మొఖాలు గోడ దిక్కు తిప్పుకోండ్రి" అన్నాను. బావతో సహా అందరూ తిప్పుకున్నారు. వెనక నుంచి చూస్తే నవ్వొచ్చేటట్టుంది. అక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంటిల్లిపాదీ తన కోసం గోడలు చూస్తున్నారన్న సిగ్గుతో ఆ ముద్ద మింగలేకపోయింది. గిన్నె పట్టుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆహారం దగ్గర, వ్యవహారం దగ్గర మొహమాటం పనికిరాదని మనవాళ్ళు చెప్పారు గానీ, అది మగవాళ్ళ కోసం చెప్పి ఉంటారు.

గొడవలు చల్లబడేసరికి అక్కకు దగ్గు పట్టుకుంది. సాయంత్రాలు జ్వరం. కడుపు కోసినవాళ్ళకు, అందులోనూ సరిగా తిననివాళ్ళకు, క్షయ తొందరగా అంటుకుంటుందని డాక్టరు చెప్పాడు. సూదులు, మాత్రలు అన్నీ ఇచ్చారు. మందులకు పట్టుకోవడానికి ఒంట్లో ఏం లేదు.

ఆఖరి రోజుల్లో అత్తమ్మే అన్నం తినిపించేది. తల్లి కన్ను అన్నిటికన్నా గట్టిగా తగులుతుందని ఆమె నమ్మకం. తాను తల్లినే అనుకుంది కాబట్టి, ముద్ద నోటికి అందించేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకునేది. చెయ్యి దారి తప్పి మెతుకులు అక్క చెంపకు, ముక్కుకు అంటుకునేవి. అక్క ఆ చెయ్యి పట్టుకుని తన నోటి దగ్గరికి తెచ్చుకునేది. నేను గుమ్మంలో నిలబడి చూసి, వెళ్ళిపోయేదాన్ని. వీళ్ళిద్దరిలో ఎవరిని తిట్టాలో నాకు ఈనాటికీ తెలియదు.

చలికాలంలో అక్క పోయింది.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి కాటి దగ్గర ఆకులో పెడితే, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళెవరూ మెతుకు ముట్టరాదు. అత్తమ్మ తెల్లవారకముందే లేచి అన్నం, పప్పు, కోడికూర, గర్జెలు అన్నీ చేసింది. బావ ఆకు పరిచి అన్నీ పెట్టి, నీళ్ళు చల్లి, వెనక్కి జరిగాడు. మేమందరం దూరంగా నిలబడ్డాం. కాకులు చెట్టు మీద ఉన్నాయి, కింద దిగడం లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఏదో కోరిక ఉండిపోయింది, మాట ఇస్తేనే ముడుతుందని పెద్దవాళ్ళు అన్నారు. బావ "నీ చెల్లెను మంచిగ సూసుకుంట" అన్నాడు. కాకులు రాలేదు. "అమ్మకు తక్లీఫ్ కానియ్య" అన్నాడు. రాలేదు. ఎవరో ఏదో మొక్కారు, అప్పటికీ రాలేదు.

అప్పుడు అత్తమ్మ ఒక్కతే ఆకు దగ్గరికి నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంట్లో వంటింటి తలుపు దగ్గర మాట్లాడినట్టే, మెల్లగా మాట్లాడింది.

"మేమందరం తిన్నం బిడ్డ. నీ మొగడు తిన్నడు, నీ చెల్లె తిన్నది, వచ్చినోళ్ళందరు తిన్నరు. నువ్వొక్కదానివే ఉన్నవ్. ఇగ తిను."

ఆ పొద్దున మేమెవరం మెతుకు ముట్టలేదు. అత్తమ్మ లేచి మా దగ్గరికి వచ్చి నిలబడిన కాసేపటికి కాకి దిగింది.